సబ్బుబిళ్ల ఊరు చేరేదెలా?

నల్గొండ: ఏ ఊళ్లో కిరాణా దుకాణం ముందు చూసినా షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. పొద్దున్నే కూలికి పోతూ దండలోంచి ఒక ప్యాకెట్ తెంపించుకుని చిల్లర చేతిలో పెట్టి వెళ్లే మనిషికి, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆలోచన రాదు. రావలసిన పనీ లేదు. అయితే ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైన ఆ ప్యాకెట్ వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, రోజుకు రెండుసార్లు మాత్రమే బస్సు వచ్చే ఊళ్లో కూడా హైదరాబాద్ ధరకే దొరకడం వెనుక పెద్ద ఏర్పాటే ఉంది. ఆ ఏర్పాటులో కష్టమైన భాగం వందల కిలోమీటర్ల ప్రయాణం కాదు. తారురోడ్డు దిగాక ఊళ్లోకి వచ్చే చివరి పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్ల చిక్కు విప్పడానికి దేశంలోకెల్లా పెద్ద సబ్బుల కంపెనీ 2001లో ఎంచుకున్నది ఉమ్మడి నల్గొండ జిల్లానే.

ఎన్ని చేతులు మారాలి?

ఫ్యాక్టరీ గేటు దాటిన సరుకు నేరుగా దుకాణానికి రాదు. ముందు డిపోకు చేరుతుంది. డిపో నడిపేది సాధారణంగా కంపెనీ ఉద్యోగి కాదు, ఏజెంటు. సరుకు కంపెనీది. గోదాము, గుమాస్తాలు, లారీల బాధ్యత ఏజెంటుది. అందుకు అతనికి కమీషన్ ముడుతుంది. ఒకప్పుడు కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ డిపో పెట్టుకోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు. ఒక రాష్ట్రంలో అమ్మి మరో రాష్ట్రానికి పంపితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. తమ సరుకును తమ డిపోకే తరలిస్తే ఆ పన్ను ఉండేది కాదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

డిపో తర్వాత మెట్టు స్టాకిస్టు. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, భువనగిరి వంటి టౌన్లలో ఒక్కో కంపెనీకి ఒకరో ఇద్దరో ఉంటారు. పెద్ద కంపెనీలు చాలావరకు స్టాకిస్టు నుంచి ముందు డబ్బు కట్టించుకునే సరుకు పంపుతాయి. స్టాకిస్టు మాత్రం దుకాణదారుకు వారం పది రోజులు గడువు ఇవ్వక తప్పదు. అతనికి మిగిలేది వందకు నాలుగైదు రూపాయలు. అందులోనే గోదాము అద్దె, వ్యాను డీజిలు, ఆర్డర్లు రాసుకొచ్చే కుర్రాడి జీతం, రాని బాకీలు. ఇంత తక్కువలో ఎలా గిట్టుతుందంటే, పెట్టిన డబ్బు నెలలో రెండు మూడుసార్లు తిరిగి రావడం వల్ల. సరుకు గోదాములో పది రోజులకు మించి నిలిచిందంటే స్టాకిస్టుకు నిద్ర పట్టదు.

స్టాకిస్టు నుంచి పెద్ద దుకాణాలకు, హోల్‌సేలు వ్యాపారులకు సరుకు వెళుతుంది. హోల్‌సేలు వ్యాపారి సంగతి మరీ చిత్రం. కంపెనీ ప్రకటించే స్కీముల కోసం అతను పెట్టెల కొద్దీ కొంటాడు. స్కీములో వచ్చిన లాభంలో కొంత తన దగ్గర కొనేవారికే వదిలేసి, వందకు రూపాయి రెండు రూపాయల మీద సరుకు తిప్పుతాడు. పల్లెల్లోని చిన్న దుకాణదారులకు చాలాకాలం దిక్కు ఇతనే. వారానికోసారి టౌనుకు వెళ్లి, పాత బాకీలో కొంత కట్టి, కొత్త సరుకు సంచుల్లో కట్టించుకుని, బస్సు టాపు మీద వేసుకుని తిరిగి రావడం పల్లె దుకాణదారుకు ఉన్న పద్ధతి. బస్సు చార్జి, లగేజి చార్జి, దుకాణం మూసిన ఒక రోజు బేరం, అన్నీ ఆ సంచిలోని సరుకు మీదే పడాలి.

ఈ వరుసంతా చూసి మధ్యలో ఇంతమంది ఎందుకు, అంతా దళారులే కదా అనుకోవడం సహజం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని స్టాకిస్టును తీసేసినంత మాత్రాన అతని పని పోదు. సరుకు నిల్వ చేయడం, పెట్టె విప్పి డజన్లుగా పంచడం, మోయడం, అరువు ఇచ్చి వసూలు చేసుకోవడం, పగిలినవి వెనక్కి తీసుకోవడం ఎవరో ఒకరు చేయాలి. ఊరికే చేయరు. మధ్యవారిని తొలగిస్తామని ఎవరు చెప్పినా, ఆ పని ఇక ఎవరి నెత్తిన పడుతోందో చూసుకోవలసి ఉంటుంది. నల్గొండ జిల్లాలో 2001లో మొదలైన ప్రయోగాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇదే.

వ్యాను ఎందుకు రాలేదు?

స్టాకిస్టు వ్యానే అన్ని ఊళ్లకూ తిరిగితే పోయేది కదా అనవచ్చు. ఒక ఉదాహరణ లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక చిన్న ఊళ్లోని దుకాణం వారానికి రూ. 500 సరుకు తీసుకుంటుందనుకుందాం. వందకు అయిదు రూపాయల చొప్పున స్టాకిస్టుకు అక్కడ మిగిలేది రూ. 25. వ్యాను రోజంతా తిరిగి పది ఊళ్లు చూస్తే రూ. 250. ఆ డబ్బుతో డ్రైవరు కూలి, డీజిలు, ఆర్డరు రాసే మనిషి జీతం ఎక్కడ తేలతాయి? అందుకే వ్యాన్లు విజయవాడ రోడ్డు వెంబడి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ చూసుకుని వెనక్కి మళ్లేవి. రోడ్డు దిగి లోపలికి వెళ్లేవి కావు.

రెండు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ల పరిస్థితి దేశమంతటా ఇదే. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో జనం నివసించే గ్రామాలు 5.9 లక్షల పైచిలుకు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవే.

కంపెనీ రాని చోటికి నకిలీ వచ్చింది. పేరులో ఒక అక్షరం తేడా, అదే రంగు కాగితం, అదే సైజు బిళ్ల. అక్షరాలు కూడబలుక్కుని చదివేవారికి తేడా తెలియదు. చదవడం రానివారి సంగతి చెప్పనే అక్కర్లేదు. దుకాణదారుకు నకిలీ సరుకు మీద లాభం ఎక్కువ. ఒళ్లు మండినా, బట్ట చిరిగినా పేరు పోయేది మాత్రం అసలు కంపెనీదే.

చిన్న ప్యాకెట్లు వచ్చాక ఈ బెడద మరింత పెరిగింది. షాంపూను చిన్న ప్యాకెట్లలో నింపి పేదవారికి అందుబాటులోకి తెచ్చిన ఖ్యాతి తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్‌కు దక్కుతుంది. ఆయన కొడుకులు వెల్వెట్ షాంపూ తెచ్చారు. వారిలో ఒకరైన సి.కె. రంగనాథన్ 1983లో విడిపోయి చిక్ షాంపూ మొదలుపెట్టారు. సీసా కొనలేని ఇల్లు కూడా ప్యాకెట్ కొనగలిగింది. ఏ రోజు కూలి ఆ రోజు అందే ఇంట్లో నెల సరుకు ఒకేసారి తెచ్చుకునే వీలుండదు. అవసరమైన రోజున అవసరమైనంత దొరకాలి. అంటే సరుకు ఇంటికి దగ్గరగా, ఎప్పుడూ ఉండాలి. ప్యాకెట్ చిన్నదయ్యేకొద్దీ దాన్ని చేరవేసే దారి మరింత లోపలికి వెళ్లాలన్నమాట.

సంఘాల దగ్గరకు కంపెనీ

1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దించినప్పటి నుంచి ఈ దేశంలో సరుకు అమ్ముతున్న లీవర్ కంపెనీ అప్పట్లో హిందుస్థాన్ లీవర్. 2007లో పేరు హిందుస్థాన్ యూనిలీవర్ అయింది. చిన్న ఊళ్లకు ఎలా చేరాలని వెతుకుతున్న ఆ కంపెనీ కన్ను మహిళా పొదుపు సంఘాల మీద పడింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నన్ని సంఘాలు మరే రాష్ట్రంలోనూ లేవన్నా తప్పులేదు. 1982-83లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకుల నుంచి అప్పులిప్పించే పద్ధతి తెచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఊరూరా పాకింది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ఊళ్లో పదిమంది ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని లెక్కలు చూసుకోవడం, అప్పు తీసుకుని వాయిదా తప్పకుండా కట్టడం అలవాటు చేసుకున్నారు. ఏ సబ్బుల కంపెనీ అయినా డబ్బు పోసి కొనలేని సంపద అది.

2001లో నల్గొండ జిల్లాలోని 50 గ్రామాల్లో ‘శక్తి’ పేరిట పని మొదలైంది. సంఘంలోని ఒక మహిళ రూ. 10 వేల నుంచి 15 వేల దాకా పెట్టుబడి పెట్టి సరుకు తీసుకుంటుంది. డబ్బు చాలావరకు సంఘం ద్వారా వచ్చిన అప్పే. స్టాకిస్టు సరుకును ఆమె గడప దగ్గరే దించుతాడు. ఆమె కొంత ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది, కొంత చుట్టుపక్కల దుకాణాలకు వేస్తుంది. ఎలా అమ్మాలో, లెక్క ఎలా రాయాలో నేర్పడానికి కంపెనీ మనుషులు మొదట్లో ఆమె వెంట తిరిగారు. ఆమెకు ‘శక్తి అమ్మ’ అని పేరు పెట్టారు.

స్టాకిస్టు లెక్క ఒక్కసారిగా మారిపోయింది. పది ఊళ్లలో పది దుకాణాల దగ్గర ఆగి అయిదేసి వందల సరుకు దించే బదులు, ఒక్క గడపలో వేల రూపాయల సరుకు దించి వెనక్కి వస్తే చాలు. ఊళ్లు తిరగడం, గంపలో మోయడం, డజను విప్పి ఒక్కొక్కటిగా అమ్మడం, డబ్బు వసూలు చేయడం ఆమె వంతు. వ్యాను చేయలేకపోయిన పని ఆమె కాళ్లు చేశాయి.

నెలకు వెయ్యి రూపాయలు

పది పన్నెండు వేల అమ్మకం మీద నెలకు 700 నుంచి వెయ్యి రూపాయలు మిగులుతాయన్నది అప్పట్లో కంపెనీ చెప్పిన లెక్క. అంటే వందకు ఏడెనిమిది రూపాయలు. ఆ రోజుల్లో పల్లె ఇంటికి అది చిన్న మొత్తం కాదు. చాలా కుటుంబాల రాబడి దాదాపు రెట్టింపు అయిందని కూడా కంపెనీ ప్రకటించింది. వర్షం పడితేనే పని ఉండే ప్రాంతంలో, బోర్లు ఎండిన వేసవిలో, నెలనెలా వచ్చే వెయ్యి రూపాయల విలువ నల్గొండ జిల్లావారికి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ వెయ్యి రావడానికి ఎంత తిరగాలో లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. 1,500 జనాభా ఉన్న ఊళ్లో సుమారు 300 ఇళ్లు. నెలకు రూ. 12 వేల సరుకు అమ్మాలంటే ప్రతి ఇల్లూ నెలకు రూ. 40 సరుకు, ఆ ఒక్క కంపెనీదే, ఆమె దగ్గరే కొనాలి. అది జరిగే పని కాదు. ఊళ్లో దుకాణం ఎలాగూ ఉంది. కాబట్టి పక్క ఊళ్లకూ వెళ్లాలి. 2004 చివరికి 12 రాష్ట్రాల్లో 13 వేలమందికి పైగా శక్తి మహిళలు 50 వేల గ్రామాల్లో అమ్ముతున్నారని కంపెనీ తెలిపింది. భాగిస్తే ఒక్కొక్కరికి దాదాపు నాలుగు ఊళ్లు. నాలుగు ఊళ్లు, చేతిలో సంచి, ఎండ.

అన్నిటికీ మించిన చిక్కు ఉద్దెర. దుకాణదారు ఉద్దెర పెట్టడంలో ఆరితేరినవాడు. ఎవరికి ఎంతవరకు ఇవ్వాలో, ఎప్పుడు అడగాలో, పంట అమ్మిన రోజు ఎవరింటి ముందు నిలబడాలో అతనికి తెలుసు. శక్తి మహిళకు కొనేవారంతా వరుసైనవాళ్లే. ఒకరు వదిన, ఒకరు చిన్నమ్మ, ఒకరు తన సంఘంలోనే పక్కన కూర్చునే అక్క. రెండు సబ్బులు తీసుకుని శనివారం ఇస్తానంటే కాదనడానికి నోరు రాదు. శనివారం గట్టిగా అడిగితే మాట పోతుంది, అడగకపోతే డబ్బు పోతుంది. వందకు ఎనిమిది రూపాయల లాభం మీద వంద రూపాయల ఉద్దెర మునిగితే, దాన్ని పూడ్చుకోవడానికి మరో రూ. 1,250 సరుకు అమ్మాలి. సంఘం వాయిదా మాత్రం తేదీ తప్పడానికి వీల్లేదు.

పైగా ధర దగ్గరా పేచీయే. టౌనులో హోల్‌సేలు వ్యాపారి స్కీము లాభం వదిలి అమ్మితే, అతని దగ్గర కొన్న ఊరి దుకాణదారు అర్ధరూపాయి తగ్గించి ఇవ్వగలడు. ఇంటింటికీ తిరిగే ఆమెకు ఆ వెసులుబాటు ఉండదు. ఒకే సరుకును ఒకే ఊరికి రెండు దారుల్లో పంపితే ఆ రెండు దారులూ కొట్టుకోవడం ఖాయం. ఇది నల్గొండలోనే కాదు, ఎక్కడ సరుకు అమ్మినా తలెత్తే తగవే.

ఈ ఏర్పాటులో ఎవరి వంతు ఎంతన్నది నిష్కర్షగా చూడాలి. శక్తి మహిళ కంపెనీ ఉద్యోగి కాదు. జీతం లేదు, భవిష్యనిధి లేదు. పెట్టుబడి ఆమెది, అప్పు ఆమె పేరున, మునిగే ఉద్దెర ఆమెది. కంపెనీకి దక్కింది వ్యాను పోలేని ఊళ్లలో అమ్మకం, ఊరివారు నమ్మే ఒక మనిషి. అలాగని ఆమెను కంపెనీ మోసగించిందనడం తొందరపాటే అవుతుంది. అంతకు ముందు గడప దాటి నలుగురితో లెక్క మాట్లాడని ఆడవాళ్లకు స్టాకిస్టుతో, దుకాణదారుతో, బ్యాంకుతో బేరం తెలిసింది. సరిగా తిరగగలిగి, ఉద్దెర అదుపులో పెట్టుకున్నవారు నిలబడ్డారు. కంపెనీ కూడా కాళ్ల సమస్యను గుర్తించింది. 2010లో ‘శక్తిమాన్’ పేరిట ఆ ఇళ్లలోని మగవారికి సైకిళ్లిచ్చి చుట్టుపక్కల ఊళ్లకు పంపడం మొదలుపెట్టింది. తర్వాతి సంవత్సరాల్లో దేశం మొత్తం మీద శక్తి మహిళల సంఖ్య లక్ష దాటింది.

ఇప్పుడు స్టాకిస్టు వంతు

నల్గొండలో ప్రయోగం మొదలైన రోజులకూ ఇప్పటికీ దారులు చాలా మారాయి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద లోపలి ఊళ్లకు రోడ్లు పడ్డాయి. ట్రాలీ ఆటోలు వచ్చాయి. దుకాణదారు టౌనుకు పోకుండా ఫోనులోనే ఆర్డరు పెట్టుకునే యాప్‌లు వచ్చాయి. హిందుస్థాన్ యూనిలీవర్‌కే ‘శిఖర్’ అనే యాప్ ఉంది. ఒకప్పుడు వారానికో రోజు దుకాణం మూసి బస్సెక్కిన మనిషి ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునే సరుకు రప్పించుకుంటున్నాడు.

దీంతో బెంగ స్టాకిస్టులకు పట్టుకుంది. పెద్ద పెట్టుబడితో వచ్చిన హోల్‌సేలు కంపెనీలు, యాప్‌లు తమకంటే తక్కువ ధరకు దుకాణాలకు సరుకు వేస్తున్నాయని, ఒకే సరుకుకు రెండు ధరలేమిటని డిస్ట్రిబ్యూటర్లు నిలదీశారు. 2022 జనవరిలో మహారాష్ట్రలో కొన్ని సరుకుల సరఫరా ఆపేదాకా వెళ్లింది వ్యవహారం. అప్పుడు పల్లెలో శక్తి మహిళకు, దుకాణదారుకు మధ్య అర్ధరూపాయి దగ్గర వచ్చిన తగవే ఇప్పుడు పై మెట్టుకు పాకిందన్నమాట.

ఎదురు దారి

ఊళ్లోకి వచ్చే దారి ఇలా ఉంటే, ఊళ్లోంచి బయటికి పోయే దారి సంగతి వేరు. సంఘాల మహిళలు కారం, పచ్చళ్లు, అప్పడాలు, సబ్బుపొడి తయారు చేయడం కొత్త కాదు. సరుకు బాగానే ఉంటుంది. డ్వాక్రా బజార్లలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నడిపే సరస్ మేళాల్లో పది రోజుల్లో అమ్ముడవుతుంది కూడా. మేళా ముగిశాక పదకొండో రోజున ఆ కారం ఎక్కడ దొరుకుతుందో కొన్నవారికి తెలియదు.

టౌనులో దుకాణదారు ఆ కారం ప్యాకెట్ తన అలమరాలో పెట్టాలంటే అతను అడిగేవి కొన్ని ఉంటాయి. వందకు పది పదిహేను మిగలాలి. డబ్బు అమ్మాక ఇస్తాడు. అయిపోగానే, అడిగించుకోకుండా, మళ్లీ సరుకు రావాలి. గడువు దాటినవి, పురుగు పట్టినవి వెనక్కి తీసుకోవాలి. ప్యాకెట్ మీద ధర, తయారీ తేదీ, ఆహార భద్రత లైసెన్సు నెంబరు ఉండాలి. పేరున్న కంపెనీ అయితే వీటన్నిటికీ స్టాకిస్టు, అతని కుర్రాడు, వ్యాను ఉంటారు. సంఘానికి ఎవరున్నారు? కారం దంచిన చేతులే మరునాడు బస్సెక్కి టౌనుకు పోయి, పది దుకాణాలు తిరిగి, పాత బాకీ అడిగి, చెడినవి మోసుకురావాలి. ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జి ఉచితమైనా రోజు తిరిగి రాదు.

అందుకే చాలా సంఘాలు కారం దంచగానే సగం పని అయిపోయిందనుకుని మిగతా సగం దగ్గర ఆగిపోతున్నాయి. ధర వేసేటప్పుడు మిరపకాయల ఖర్చు, మిల్లు ఖర్చు, ప్యాకెట్ ఖర్చు రాస్తారు. దుకాణదారు వాటా, తిరిగే మనిషి రోజు కూలి, రెండు నెలలు రాని డబ్బుకు వడ్డీ ఆ కాగితం మీద కనిపించవు. అవి కలిపి ధర వేస్తే కంపెనీ కారం కంటే ఎక్కువవుతుంది. కలపకపోతే ఆర్నెల్లలో సంఘం సొమ్ము కరిగిపోతుంది. నాలుగైదు ఊళ్ల సంఘాలు కలిసి ఒకే పేరు మీద ప్యాకెట్లు చేసి, అన్నిటి తరఫునా తిరగడానికి ఒకరిని జీతం మీద పెట్టుకుంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు. కారం ఒక్కటే కాక పసుపు, పప్పులు, పచ్చళ్లు కూడా ఆ ఒక్క సంచిలోనే వెళితే బస్సు దిగిన ప్రతిసారీ ఎంతో కొంత బేరం తగులుతుంది. ఆ తిరిగే మనిషి కోసం వెతుక్కుంటే దూరం పోనక్కర్లేదు. నాలుగు ఊళ్లలో ఏ దుకాణదారు ఎప్పుడు డబ్బిస్తాడో, ఎవరు ఎగ్గొడతారో తెలిసిన శక్తి మహిళలు ఆ సంఘాల్లోనే ఉన్నారు.